గాలి టాంకీలో రెండో మనిషి

ఇనుప టాంకీలోకి ఇద్దరు వెళ్లారు. తలుపు బిగించారు. రెండు గంటల తరవాత తలుపు తీస్తే ఒకడు శవమై ఉన్నాడు, రెండోవాడు కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు. మధ్యలో తలుపు ఎవరూ తియ్యలేదు. తియ్యలేరు కూడా. లోపల గాలి బిగించి ఉన్నంతసేపూ దాన్ని ఏనుగును కట్టి లాగినా రాదు. ఇక హంతకుడెవరో చెప్పడానికి పోలీసెందుకు, పలక పట్టుకున్న పిల్లాడు చాలు.

రాజేశ్వర్ సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఆయన ఆ డైవింగ్ కంపెనీకి సేఫ్టీ ఆఫీసరు. హైదరాబాదు మనిషి. జెబెల్ అలీ ఆగస్టు ఎండలో కూడా మెడకు టై, జేబుకు మూడు పెన్నులు.

"సీదా కేసు, లెఫ్టినెంట్ సాబ్. ఇద్దరికీ తగాదా ఉంది. బయట మీటల దగ్గర కూర్చున్న రాజలింగం, మాటలు తెలియకపోయినా, అరుపులు స్పీకర్లో తన చెవులతో విన్నాడు. ఈ పోచన్న తనకు తోడు కూర్చున్న ఖాదర్ హుస్సేన్ ముక్కూ నోరూ మూసేశాడు. ఖలాస్."

లెఫ్టినెంట్ సాలెం నా వైపు తిరిగాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. నన్ను చాచా అంటాడు, హిందీలో మాట్లాడతాడు. నేను త్రిమూర్తుల్ని. అమలాపురంలో హెడ్డు కానిస్టేబులుగా రిటైరై, ఇక్కడి పోలీసులకు తెలుగు దుబాసీగా వచ్చాను. దుబాయికి దుబాసీ దొరకడం వాళ్ల అదృష్టమని నేనంటాను. వాళ్లింకా ఆ మాట అనలేదు.

"చాచా, సాయంత్రం లోపల ఇతని నోటి నుంచి కొత్త సంగతి రాకపోతే పెద్ద జైలుకు పంపెయ్యాలి. నా చేతిలో ఉండదు."

"జైల్లో టాంకీ లేదు," అన్నాడు డాక్టర్ నబీల్, పోచన్న కాలి కట్టు విప్పుతూ. "టాంకీ లేకపోతే ఈ కాలు లేదు."

ఆయనది ఈజిప్టు. సముద్రం అడుగున పనిచేసే డైవర్లు తొందరపడి పైకొస్తే ఒంట్లో గాలి బుడగలు కడతాయి. అలాంటివాళ్లను టాంకీలో కూర్చోబెట్టి, లోపల గాలి బిగించి, మెల్లగా వదులుతారు. టాంకీ ఉన్నది అందుకే. నబీల్ దాన్ని ఇంకో పనికి పెట్టాడు. మానని పుండ్లవాళ్లను అందులో పడుకోబెట్టి, మూతికి మాస్కు తగిలించి, ఒట్టి ఆక్సిజన్ పీల్పించేవాడు. గాలి ఒత్తిడికి ఆ ఆక్సిజన్ నెత్తుట్లోకి దట్టంగా దిగి, చచ్చిన కండ పక్కన కొత్త కండ మొలిపిస్తుందట. అయిదూళ్ల ఆచారి నాటు మందులు నమ్మినవాణ్ణి, దీన్ని మాత్రం నమ్మలేదు, పోచన్న కాలు చూసేదాకా.

పోచన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఇనుప పలక జారి మోకాలి కింద కొట్టింది. షుగరు ఒళ్లు. ఎనిమిది నెలలు మానలేదు, ఎముక తెల్లగా కనపడేది, తొడ దాకా తీసెయ్యాలన్నారు. అలాంటి పుండు అంచుల చుట్టూ ఇప్పుడు దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కండ. ఒక పక్క మాత్రం నల్లబడుతోంది. ఖాదర్ చనిపోయిన రోజు నుంచీ పోచన్నను టాంకీలో పెట్టలేదు మరి.

నేను పోచన్న ఎదురుగా స్టూలు లాక్కున్నాను.

"ఏం పోచన్నా, అన్నం తిన్నావా?"

"తిన్న తాత."

"ఖాదర్ నిన్నేం చేశాడురా, అలా చంపేశావు?"

"నేనెందుకు సంపుత తాత? పాపం, గంటసేపు నాతోని ముచ్చట వెట్టిండు. తలకాయ నొస్తుందన్నడు. గోడకు ఒరిగిండు. నిద్రవోయిండనుకున్న. ఆయిన ఎప్పుడు గట్లనే కునుకుతడు."

"మాస్కు నీకొక్కడికే ఉందా?"

"నాకే. ఆయినకెందుకు? పుండు నాది గద."

"మరి అరగంటకోసారి మాస్కు తీసి, టాంకీలో గాలి కాసేపు పీల్చాలని డాక్టరు రూలు. నువ్వూ పీల్చావు, ఖాదరూ పీల్చాడు. అదే గాలి."

పోచన్న చూపు కాలి మీదికి దిగింది. "అవు. పీల్సిన."

"చూశారా," అన్నాడు రాజేశ్వర్. "గాలి మంచిదే. ఇద్దరూ పీల్చారు, ఒకడే పోయాడు. ఇదే నా రిపోర్టు. పోలీసు డాక్టరు కూడా సరేనన్నాడు."

ఆ కిందికి దిగిన చూపు నాకు నచ్చలేదు. స్టేషన్లో ముప్ఫై ఏళ్లు చూపులు చూసే బతికాను. కొట్టి అడిగితే మనిషి మూసుకుపోతాడు, నవ్వించి అడిగితే తెరుచుకుంటాడు. స్టూలు ఇంకాస్త ముందుకు జరిపాను.

"మా కోనసీమలో మంగరాజని ఒకడుండేవాడు, పోచన్నా. కాలవ నీళ్ల వంతు ఒక రాత్రికే ఇచ్చారు. తెల్లారేసరికి కాలవ కాపలా లస్కరు వచ్చి తూము తలుపు దించెయ్యాలి. మంగరాజుకి మనసొప్పలేదు. పోయి తలుపు కింద మెడ పెట్టి పడుకున్నాడు. ఇప్పుడు దించరా చూద్దాం అన్నాడు. మూడు రోజులు. లేచేసరికి లాల్చీ జేబులో కొరమీను పిల్లలు పెట్టింది. నమ్మి వచ్చింది గదా అని ఆ లాల్చీ నెల్లాళ్లు విప్పలేదు వాడు. స్నానం కూడా దానికి ఎప్పుడు వీలైతే అప్పుడే."

పోచన్న మూతి వంకరపోయి, నవ్వొచ్చేసింది. లెఫ్టినెంటు ఏం చెప్తున్నావని అడిగితే, చట్టం చెప్తున్నానన్నాను.

"మా దిక్కు గూడ గంతే తాత," అన్నాడు పోచన్న. "సెరువు నీళ్ల వంతు అచ్చినంక ఎవడు మడికట్ట మూస్తడు? పక్కోడు మూసెయ్యమంటె సరే సరే అంటరు, మూసినట్టు జేస్తరు."

"మరి నీ గాలి వంతు నువ్వు మధ్యలో ఎందుకు మూశావు?"

నవ్వు ఆగిపోయింది. కాలి వేళ్లు ముడుచుకున్నాడు. డాక్టరు వైపు దొంగచూపు చూసి, గొంతు తగ్గించాడు.

"మూయలే తాత."

"అంటే?"

"ఒక్కసారి గూడ మాస్కు తియ్యలే. ఉట్టి గాలి క్యాంపుల దొరకదా? మాస్కులది నా కాలు మొలిపిచ్చే గాలి. మొకం గోడ దిక్కు తిప్పి, చెయ్యి అడ్డం వెట్టుకొని, తీసినట్టు జేస్తుంటి. ఖాదర్ చూసిండు. తియ్యకుంటే మూర్ఛస్తదిరా అని కొట్లాడిండు. గదే లొల్లి. నేను కాళ్లు మొక్కితే ఊకున్నడు."

"పోలీసులకు తీశానని ఎందుకు చెప్పావురా నాయనా?"

"రూలు తప్పితె టాంకీల వెట్టనన్నడు గద డాక్టరు."

కాలు పోతుందన్న భయంతో మెడ పోయే అబద్ధం ఆడాడు. నేనది మాటకు మాట తర్జుమా చేశాను. లెఫ్టినెంటు కుర్చీలోంచి లేచాడు. డాక్టరు చేతిలో కట్టుగుడ్డ ఆగిపోయింది.

"రాజేశ్వర్ గారూ," అన్నాను, "ఇద్దరూ పీల్చింది ఒకే గాలి కాదు. వీడు పీల్చింది సిలిండరులోది. ఖాదర్ పీల్చింది టాంకీలోది. శవాన్ని నేనూ చూశాను. పెదాలు, బుగ్గలు ఎర్రగా పెళ్లికొడుకులా ఉన్నాయి. చింతపల్లి ఏజెన్సీలో చలికి బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకు పడుకున్న కంట్రాక్టరు కూడా ఇదే అందంతో పోయాడు."

"టాంకీలో కుంపటి ఎక్కడిది?"

"పొగ ఎక్కడిదైనా ఒకటే. మోటారు పొగైనా."

"పొగైతే వాసన రాదా? ఖాదర్ టాంకీలో పదేళ్లు పని చేసిన మనిషి. వాసన వస్తే టాంకీ అద్దం మీద కొట్టడా? నువ్వు తర్జుమా చెయ్యడానికి వచ్చావు పెద్దమనిషీ, తవ్వకాలకు కాదు. నా టాంకీలోకి వెళ్లే గాలిని నేను స్వయంగా జల్లెడ..."

అక్కడ ఆగిపోయాడు. టై ముడి వదులు చేసుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు లెఫ్టినెంటు.

"ఫిల్టరులో బొగ్గు ఉంటుంది సాబ్," అన్నాడు. "వాసనంతా బొగ్గు పట్టేస్తుంది. నూనె వాసన, పొగ వాసన, అన్నీ. కానీ మోటారు పొగలో మనిషిని చంపే గాలి ఉంటుందే, దాన్ని బొగ్గు ఆపదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు."

మనిషికి ఎంత పొగరున్నా చదువు అబద్ధమాడనివ్వదు ఒక్కోసారి. అప్పుడే ఆయన మీద నాకు కొంచెం గౌరవం పుట్టింది. ఎక్కువ కాదు.

షెడ్డు వెనక్కి నడిచాం. టాంకీకి గాలి కొట్టే కంప్రెసరు గోడ అవతల ఉంది. అది గాలి పీల్చుకునే గొట్టం గోడ వెంట పైకప్పు మీదికి పోతుంది. బండ్ల పొగ తగలకూడదని ఎత్తున పెట్టారు. నేల దగ్గర ఆ గొట్టం వంపు తిరిగినచోట ఒక మర బిరడా ఉంది. గొట్టంలో నీరు చేరితే తీసి వదలడానికి. అది విప్పితే గొట్టం ఈ నేల దగ్గరి గాలినే పీలుస్తుంది.

రాజేశ్వర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. బిరడా అంచున రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది.

"పానా పెట్టి తిప్పారు," అన్నాడు. "ఈ బిరడా ముట్టుకోవాలంటే నా అనుమతి కావాలి. నేనివ్వలేదు."

బిరడా పక్కన రేకు గోడ మీద, మోకాలి ఎత్తున, నల్లటి మసి మరక. వేలితో తుడిస్తే జిడ్డుగా అంటింది. కింద మాత్రం ఇసుక నున్నగా ఉంది. మనుషుల అడుగులు లేవు, టైరు జాడ లేదు. చుట్టుపక్కలంతా తొక్కి పెంటపెంటగా ఉంటే, ఇక్కడ చాప పరిచినంత మేర ఎవరో చీపురుతో ఊడ్చారు. జెబెల్ అలీలో ఇసుకను ఊడ్చినవాణ్ణి నేను అంతవరకు వినలేదు.

"ఎవడో డ్రైవరు నీడకని ఇక్కడ బండి పెట్టి, ఏసీ వేసుకుని పడుకున్నాడు," అన్నాడు రాజేశ్వర్. "ఆగస్టులో అందరూ చేసేదే. ప్రమాదం."

"నిద్రపోయేవాడు బిరడా విప్పడు. లేచాక ఇసుక ఊడవడు."

"అంటే నా కంపెనీలో ఖూనీ జరిగిందంటావు."

"పొద్దుటి నుంచి మీరూ అదే అంటున్నారుగా. మనిషిని మార్చమంటున్నానంతే."

ఆయన మొహం కందగడ్డైంది. లెఫ్టినెంటు మా ఇద్దరి మధ్యకూ వచ్చి, బిరడా గట్టిగా బిగించమన్నాడు. దాని దగ్గర ఒక పోలీసును కాపలా పెట్టాడు. ఖాదర్ పోయిన మధ్యాహ్నం ఏ ఏ బండ్లు లోపలికి వచ్చాయో తేల్చడానికి రాజేశ్వర్‌ను వెంటబెట్టుకుని గేటుకు బయల్దేరాడు.

అప్పుడే డాక్టరు పరుగున వచ్చాడు.

"లెఫ్టినెంట్, నేరం ఇతనిది కాదని తెలిసిపోయింది కదా. కాలు నల్లబడుతోంది. ఈరోజు కూడా టాంకీలో పెట్టకపోతే కొత్త కండ చచ్చిపోతుంది. రేపు పొద్దున్న కత్తి పట్టుకోవలసిందే."

"గాలి?"

"ఇప్పుడు మంచిదే కదా. మీ పోలీసే కాపలా ఉన్నాడు."

లెఫ్టినెంటు సరేనన్నాడు. చిక్కు ఇంకోటి వచ్చింది. రోగిని ఒంటరిగా పెట్టకూడదని రూలు. తోడు కూర్చునేవాడు కావాలి. శవం లేచిన టాంకీలోకి ఎవడొస్తాడు? రాజలింగమైతే మీటల దగ్గరికి కూడా రానని క్యాంపులో ముసుగు తన్ని పడుకున్నాడు. మీటల దగ్గర తానే కూర్చుంటానన్నాడు డాక్టరు.

"లోపల నేను కూర్చుంటాను," అన్నాను.

"నీకు జుకాం ఉందా చాచా?" అని డాక్టరు నా ముక్కులోకి లైటు వేశాడు. "పడిశం ఉంటే వెళ్లకూడదు. చెవులు పగిలిపోతాయి. ఆరోజు వెళ్లవలసింది నేనే. జుకాం పట్టి ఖాదర్‌ను పంపాను." ఆయన కళ్లు తడిశాయి. "పాపం, నా బదులు పోయాడు."

నా జేబులో బీడీకట్ట తీయించాడు. తలకు రాసుకున్న కొబ్బరినూనె సబ్బుతో రుద్ది రుద్ది కడిగించాడు. ఆక్సిజన్ దగ్గర నూనె చుక్క ఉన్నా అగ్గి పుడుతుందట. నూలు గుడ్డలు కట్టబెట్టాడు. పోచన్న పుండును మాత్రం తల్లి బిడ్డ మొహం తుడిచినట్టు తుడిచి, తనే ఎత్తుకొచ్చి లోపలి మంచం మీద పడుకోబెట్టాడు. అంత ప్రేమ చూసి, నేను తలుపు వైపు రెండోసారి చూడలేదు.

తలుపు పడింది.

గాలి హోరుమంటూ వచ్చింది. ఒళ్లంతా వేడెక్కింది. చెవుల్లో ఎవరో కందిపుల్లలు దూర్చి తిప్పుతున్నట్టు నొప్పి. ముక్కు మూసుకుని గాలి ఊదమని స్పీకర్లో డాక్టరు చెప్తున్నాడు. ఊదితే టప్‌మని ఒక చెవి తెరుచుకుంది, రెండోది బతిమాలించుకుంది. ఆ తరవాత హోరు తగ్గి, మాకు కొత్త గాలి అందించే కంప్రెసరు సన్నటి చప్పుడొక్కటే మిగిలింది. గుండ్రటి అద్దంలోంచి డాక్టరు బొటనవేలు చూపించాడు.

మొదటి విరామం రాగానే పోచన్న మాస్కు నేనే ఊడబెరికాను. ఈసారి గోడ వైపు తిరిగే వేషాలు సాగనివ్వలేదు.

"చెవులు ఇంత బాధపెడతాయని చెప్పవేమిరా?" అన్నాను. లోపల నా గొంతు నాకే బాతు గొంతులా వినపడింది.

"అలవాటయితది తాత. డాక్టరుకైతే ఏం కాదు. ఎన్నిసార్లు కూసున్నడో."

"పడిశం ఉన్నరోజు తప్ప."

"ఏం పడిశం?"

"ఖాదర్ పోయిన రోజు. జుకాం పట్టి లోపలికి రాలేదటగా."

పోచన్న నవ్వాడు. "జుకామా? నబీల్ డాక్టరుకా? గా దినం పొద్దుగాల ఒక తెల్ల డైవరును తెస్తె, ఆయినే లోపల కూసుండె. బువ్వ యాళ్ల దాక కూసుండె. నేను బయట బల్ల మీద ఉంటి. చెవులు మంచిగనే ఉండె. ఆ ఎంబడే నన్ను దోల్కపొమ్మని ఖాదర్‌కు చెప్పిండు. నా బదులు నువ్వు కూసో అని."

మధ్యాహ్నానికి పడిశం పట్టకూడదని ఏమీ లేదు. పోలీసు బుర్ర అలాంటి సర్ది చెప్పుకోవడం ముందు చేస్తుంది. అది అయ్యాక నేను అడగవలసింది అడిగాను.

"పోచన్నా, మాస్కు తియ్యకపోతే మూర్ఛ వస్తుందని ఖాదర్‌కు ఎలా తెలుసు?"

"చూసిండట తాత. బనియాస్ దిక్కు పనిజేసే హన్మంతని, నా కంటె ముందటి పుండోడు. ఆయినను డాక్టరే ఇరాం లేకుంట పీల్పిచ్చిండట, జల్ది మానాలని. గీ టాంకీలనే మూర్ఛలు కొట్టి నాలుక కొరుక్కున్నడు. మతి వోయింది. రాత్రికి రాత్రి ఇండియా ఇమానం ఎక్కిచ్చిండ్రు. హన్మంతుకు పుండు మానింది, ఇంటికి వోయిండు అని డాక్టరు అందరికి చెప్పుకుంటుండట. నిన్ను గూడ గట్లనే జేస్తరురా, శనివారం ముదీర్‌కు, గా మేనేజర్‌కు, అంతా చెప్తా, డాక్టరుకు గూడ మొకం మీదనే గీ మాట చెప్పిన అన్నడు ఖాదర్. గా మాట అనుకుంటనే పండె."

మాస్కు పెట్టుకున్నవాడికి ఏమీ కాదు, పెట్టుకోనివాడే పోతాడు. ఈ లెక్క తెలిసి బిరడా విప్పినవాడు పోచన్నకు చీమ కుట్టనివ్వడు. ఈ కాలు మానితేనే డాక్టరుకు పేరు. తల్లిలా తుడిచింది అందుకే.

అద్దం వైపు తల తిప్పాను.

డాక్టరు బొటనవేలు లేదు. ఆయన స్పీకరు పెట్టెకు చెవి దగ్గరగా పెట్టుకుని వింటున్నాడు. నేను చూడడం చూసి నిదానంగా లేచాడు. షెడ్డు తలుపు దగ్గరికి నడిచి లోపలి గడియ వేశాడు. తిరిగొచ్చి అదే కుర్చీలో, అదే మర్యాదతో కూర్చున్నాడు.

స్పీకర్లో గొంతు మెత్తగా వచ్చింది, హిందీలో.

"చాచా, జుకాం మా అరబ్బీ మాటే. హన్మంతు పేరు కూడా వినపడింది. మధ్యలో ముదీర్ అన్నాడు. మిగిలింది నాకు తెలియలేదు. తర్జుమా చెయ్యి."

పోచన్న మాస్కు చేత్తో పట్టుకుని మోచేతి మీద లేచాడు.

"ఏమంటుండు తాత?"

ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపల డాక్టరు చెయ్యి చాచి ఒక మీట కిందికి దించాడు. కంప్రెసరు చప్పుడు ఆగిపోయింది.